ఆకులో మాత్ర, మాత్రలో ఆకు

ఆ రోజు నేను బేరం ఆడలేదు. మా ఇంట్లో జబ్బు బయటపడింది అలాగే.

మాది ప్రొద్దుటూరులో పచారీ అంగడి. ముందు వరసలో ఎండుమిర్చి, ధనియాలు, మెంతులు, చింతపండు. వెనక అరల్లో కరక్కాయ, తిప్పతీగ, అశ్వగంధ, నేరేడు గింజలు. తాత పెట్టాడు, నాయన నిలబెట్టాడు, నేను బేరమాడుతూ నెట్టుకొస్తున్నాను. ఉప్పు ప్యాకెట్టు మీద అచ్చువేసిన ధరను కూడా ఎవరిదో ఒకరి అభిప్రాయం అనుకునే రకాన్ని. మా పెళ్లికి ముహూర్తం పెట్టేటప్పుడు తెల్లవారుజాము అంటే, కాస్త పొద్దెక్కాక ఇవ్వమని పురోహితుడితో బేరమాడానని నా భార్య భారతి ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అబద్ధం కాదు. ఆయన ఒక గంట దిగాడు కూడా.

అలాంటి నేను, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, రాజుపాలెం నుంచి ధనియాలు తెచ్చిన రైతు చెప్పిన మొదటి ధరకే "సరే" అన్నాను.

రైతు బిత్తరపోయాడు. "ఏంది సుబ్బరాయుడూ, ఒంట్లో బాగలేదా? ఇంగోసారి చెప్పమంటావా?"

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న భారతి చేస్తున్న పని ఆపి నావైపు చూసింది. "ఆ బిందె పొద్దున నేను నింపినా. అప్పుడే అడుగు కనపడతాంది. తాగింది మీరొక్కరే."

ప్రొద్దుటూరు ఎండకు ఎవరికి దాహం వేయదు అన్నాను. తాగినవాడికి మాటిమాటికీ పెరటివైపు పని పడటంలో వింతేముంది అన్నాను. సాయంత్రానికి కాళ్ళు గుంజడం, కళ్ళు మసకబారడం, పదిమెట్లు ఎక్కితే కూలబడటం, వీటన్నిటికీ నా దగ్గర సమాధానాలు ఉన్నాయి. అంగడివాడి దగ్గర సరుకు లేకపోయినా సమాధానం ఉంటుంది.

ఒకదానికి మాత్రం సమాధానం లేదు. దాన్ని ఇక్కడ దాచుకుంటే ఇది రాసి ఉపయోగం లేదు. కొన్ని నెలలుగా పడకగదిలో కూడా నాకు బేరం కుదరడం లేదు. అలసట అనుకున్నాను. భారతి ఏమీ అనేది కాదు. మాకు పెళ్లై నాలుగేళ్ళు దాటింది, పిల్లలు లేరు. ఇద్దరికీ ఒకే ఆశ, ఒక బిడ్డ కావాలని. ఆ ఆశ గురించి ఎంత తక్కువ మాట్లాడుకుంటే అంత మర్యాద అన్నట్టు ఉండేవాళ్ళం.

మా అమ్మకు అంత మర్యాద లేదు. "కోడలికి ఏదన్నా చెట్టుమందు తాపించురా" అనేది, కోడలు వింటుండగానే.

అప్పటికే భారతిని ఊళ్ళో లేడీ డాక్టరుకు చూపిస్తున్నాం. రక్తపరీక్షలు అయ్యాయి. స్కానింగులు అయ్యాయి. గర్భాశయం ట్యూబుల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే పరీక్ష కూడా అయింది. ఆ రోజు ఆమె ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. నేను రెండు సోడాలు తెచ్చి పక్కన పెట్టాను. నాకు తెలిసిన వైద్యం అంతే.

ధనియాల సంగతి జరిగిన వారానికి ఆ డాక్టరమ్మ రిపోర్టులన్నీ చూసి, "అన్నీ బాగుండాయమ్మా. మీ ఆయనది ఏది?" అంది.

"నాదా? నాకేం?" అన్నాను.

భారతి కుర్చీలోంచి లేవకుండానే నావైపు తిరిగింది. "నేను అన్నీ చేయించుకున్నా. ఇప్పుడు మీ వంతు. బేరం లేదు."

వ్యాపారం చేసేవాడిగా ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. ఉన్న పరీక్షలన్నిట్లో చౌకది నాది. సూది లేదు, నొప్పి లేదు. ఖరీదైనవీ నొప్పి పెట్టేవీ అన్నీ ముందు కొనేసి, చౌకదాన్ని చివరికి వదిలేశాను. అలా కొనేవాణ్ణి మా బజారులో గుమాస్తాగా కూడా పెట్టుకోరు.

ప్రొద్దుటూరులో చేయించుకోవడం కుదరదన్నాను. ఇక్కడి ల్యాబుల వాళ్ళందరూ మా అంగడికి వచ్చేవాళ్ళే. నా రిపోర్టు నాకంటే ముందు శెనగపిండి కొనడానికి వచ్చేస్తుంది. అందుకని జమ్మలమడుగు బస్సెక్కాం. అక్కడ డాక్టర్ దానియేలు గారని ఒకాయన ఉన్నారు. తాతల కాలంలో మిషన్ బడిలో చదువుకుని పైకొచ్చిన కుటుంబం. నాయన టీచరు, ఈయన డాక్టరు. మనిషి బంగారం. గొంతు మాత్రం మైకు. ఎవరికీ తెలియకూడదని ఊరు దాటి వచ్చినవాణ్ణి, వరండాలో కూర్చున్నవాళ్ళందరూ వినేలా అడిగారు.

"సంసారం ఎట్లుంది? రాత్రి ఎన్నిసార్లు లేస్తావు? షుగర్ ఎప్పుడన్నా చూపించుకున్నావా?"

"షుగరా? నా వయసెంత సార్?"

"దానికి నీ వయసుతో పనిలేదప్పా. నీ పొట్ట చూస్తే చాలు."

రక్తం తీశారు. తర్వాత సిస్టర్ చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి, వరండా చివర గది చూపించింది. తలుపుకు గడియ సరిగా పడలేదు. బయట ఇద్దరు పెద్దవాళ్ళు మైలవరం బస్సు పోయిందా లేదా అని పోట్లాడుకుంటున్నారు. నేను లోపల డబ్బా పట్టుకుని, బస్సు వచ్చి వాళ్ళను ఎక్కించుకుపోతే బాగుండు అని దేవుణ్ణి వేడుకుంటున్నాను. ఆ రోజు పని కాలేదు. ఖాళీ డబ్బాతో బయటికి వచ్చిన నన్ను చూసి సిస్టర్ ఏమాత్రం నవ్వకుండా, "చానామందికి ఇంతేనన్నా. ఎల్లుండి రా" అంది. ఆమెకు ఇప్పటికీ పండక్కి నా తరఫున పప్పులు, బెల్లం పోతాయి.

రెండోసారి పని అయింది. రిపోర్టులు రెండూ కలిపి వచ్చాయి. షుగర్ పరగడుపునే ఎక్కడో ఉంది. హెచ్‌బిఎ1సి పది దాటింది. సెమెన్ అనాలసిస్‌లో కౌంట్ ఫరవాలేదు గానీ మోటిలిటీ బాగా తక్కువ అని రాసి ఉంది. అంటే విత్తనం ఉంది, నడవడం లేదు.

పక్కన భారతి చేతిసంచీ హ్యాండిల్ మెలిపెడుతూ కూర్చుంది. డాక్టరు గారు మొదటిసారి గొంతు తగ్గించారు.

"భయపడాకు. షుగర్ నరాలను తింటుంది, రక్తనాళాలను తింటుంది, విత్తనాన్ని కూడా తింటుంది. అందుకే రెండుచోట్లా ఇబ్బంది. కానీ పోయిందని కాదు. నీ అంగట్లో ఈ పొద్దు అమ్మే సరుకు ఎప్పుడు కొన్నావు?"

"కొన్ని నెలల ముందు కొని నిల్వ చేసింది సార్."

"ఇదీ అంతే. విత్తనం తయారయ్యేదానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఇప్పుడు నువ్వు చూపించింది మూడు నెలల కిందటి సరుకు. ఈ హెచ్‌బిఎ1సి కూడా గడిచిన మూడు నెలల మాటే చెబుతుంది. ఈ రోజు నుంచి మంచి సరుకు లోపలికి పెట్టు. మూడు నెలల తర్వాత అదే బయటికొస్తుంది."

ఎన్ని పుస్తకాలు చదివినా నాకు ఇంత బాగా అర్థమయ్యేది కాదు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర రెండు పూటలా తిన్న తర్వాత వేసుకోమన్నారు. నడక, అన్నం తగ్గించడం, టీలో చక్కెర మానడం చెప్పారు. అంతా అయ్యాక నాలోని అంగడివాడు నిద్రలేచాడు.

"సార్, రెండు పూటలంటాండారు. ఒక పూటకు చేసుకోండి."

"ఏమప్పా, నేనేమన్నా చీరలమ్ముతాండానా?"

"పోనీ కొసరన్నా ఇవ్వండి. ఏదన్నా ఆకో వేరో రాయండి. మా అంగట్లోనే అశ్వగంధ ఉంది, మెంతులుండాయి."

మా వైపు ఏది కొన్నా చివర్లో కొసరు అడుగుతాం. పావుకిలో బెండకాయలకు నాలుగు పచ్చిమిరపకాయలు, మిరపకాయలకు రెమ్మ కరివేపాకు. అడగకపోతే అమ్మేవాడే చిన్నబుచ్చుకుంటాడు. డాక్టరు గారు చిన్నబుచ్చుకోలేదు.

"ఆకుల్లో ఏమీ లేదని నేననను. మెంతుల్లో, అశ్వగంధలో, నేరేట్లో పనిచేసే పదార్థాలు ఉండాయి. షుగర్ ఉన్న ఎలకలకు పెట్టి చూసినారు, విత్తనం మెరుగైందని రాసినారు. మనుషుల్లో కూడా కొద్దిగా చూసినారు. కానీ ఎంత, ఎన్నాళ్ళు, ఏ మందుతో కలిపి అనేది ఇంకా తేలలేదు. మెంతులు కూరలో వేసుకుని తిను, ఎవరొద్దంటారు? మందని పేరు పెట్టి గుప్పెళ్ళు మింగొద్దు. నువ్వు ఎలకవి కాదు."

"మా అంగట్లో ఎలకలు శానా ఉండాయి సార్, అవి కూడా ఏదంటే అది తినవు" అన్నాను. ఆయన నవ్వారు. నేను నెగ్గాననుకున్నాను.

ఇక్కడ నేను చేసిన పని మా బజారువాళ్ళకు తప్ప ఎవరికీ తోచదు. మా దగ్గర అమ్మేవాడు ముందు ఎక్కువే చెబుతాడు, కొనేవాడు సగానికి దించుతాడని వాడికి తెలుసు. డాక్టరు కూడా లోకం తెలిసిన మనిషి కదా. ఒక పూట వేసుకుంటే చాలని ఆయన లెక్క అయి ఉంటుంది, రోగి ఎట్లాగూ సగం చేస్తాడని రెండు పూటలు చెప్పి ఉంటాడు. ఇలా ఆలోచించి, ఆయన లేకుండానే ఆయనతో బేరం తెగ్గొట్టుకుని, పొద్దున మాత్ర ఒక్కటే వేసుకున్నాను. సాయంత్రం మాత్ర మిగిలిన ప్రతిరోజూ లాభం వచ్చినట్టే ఉండేది.

నెల తర్వాత షుగర్ ఏదో కొంచెం దిగింది. దిగిందని చెప్పుకునేంత కాదు. మందులో పసలేదని తీర్మానించాను. అప్పుడే అంగడికి వచ్చిన ఒకాయన పులివెందులలో ఒక పొడి సంగతి చెప్పాడు. షుగరూ దిగుతుంది, మగతనమూ పెరుగుతుంది, అంతా ఆకులూ వేర్లూ, ఇంగ్లీషు మందు రవ్వంత లేదు. ఒకే ప్యాకెట్టులో రెండు పనులు! బేరగాడి చెవికి ఇంతకంటే తియ్యని మాట ఏముంటుంది?

చీనీకాయల, అంటే బత్తాయిల, బేరం ఉందని భారతికి చెప్పి పులివెందుల వెళ్ళాను. ఊరి చివర రేకుల వసారా. బెంచీ మీద ఏడెనిమిది మంది, అందరూ మగవాళ్ళే, అందరూ నేల చూపులే. ఒకాయన అయితే అంత ఉక్కలో కూడా తువ్వాలు ముక్కుదాకా కప్పుకుని కూర్చున్నాడు. పక్కన చోటుంటే కూర్చున్నాను. కాసేపటికి తువ్వాలు లోపలి నుంచి దగ్గు వినపడింది. ఆ దగ్గు నాకు తెలుసు. నాలుగేళ్ళుగా ప్రతి పండక్కీ వింటున్న దగ్గు.

"మామా?"

తువ్వాలు దిగింది. భారతి నాయన. కొండాపురం దగ్గర రిజర్వాయరు ముంపులో ఊరు పోయాక పునరావాస కాలనీలో చిన్న అంగడి పెట్టుకున్నాడు. రెండేళ్ళ కిందట గుండెకు స్టెంట్ వేయించుకున్నాడు.

"అల్లుడా! ఈడేంది నువ్వు?"

"చీనీకాయల బేరం మామా. నువ్వు?"

"నేనూ చీనీకాయలకే."

ఇద్దరం చుట్టూ చూశాం. ఆ వసారాలో ఎక్కడా ఒక్క చీనీకాయ లేదు.

"షుగర్ ఉండాదిలే నాకు" అన్నాడు మామ చివరికి. "దానికే."

"నాకూ దానికే" అన్నాను. మిగతా సగం ఇద్దరమూ మింగేశాం. ఈ సంగతి ఆడవాళ్ళ దగ్గర ఎత్తకూడదని చేతిలో చెయ్యి వేసుకున్నాం. అల్లుడూ మామా అంత కలిసికట్టుగా ఉండటం మా పెళ్ళిలో కూడా ఎవరూ చూడలేదు.

నేను పుట్టినప్పటి నుంచీ పొడుల మధ్య పెరిగినవాణ్ణి. కారంలో ఏం కలిపారో, పసుపులో ఏం కలిపారో చేత్తో నలిపి చెప్పగలను. ఆ పొడినీ వాసన చూశాను, నాలుక మీద వేసుకున్నాను. పొడపత్రి ఉంది, నేరేడు గింజ ఉంది, పల్లేరు ఉంది. సరుకు మంచిదే. "అసలైనదే మామా" అని ఆయనకు కూడా హామీ ఇచ్చాను. ధర సగానికి దించాను. రెండు ప్యాకెట్లకు ఒకటి కొసరు తీసుకున్నాను. ఆ కొసరు ప్యాకెట్టు ఊరికే ఎందుకు ఉండాలని, ఒక చెంచా అన్నచోట ఒకటిన్నర వేసుకున్నాను.

పనిచేసింది. అదే కదా చిక్కు. పది రోజుల్లో షుగర్ జారిపోయింది. రెండో విషయంలో కూడా తేడా తెలిసింది. నేను అంగట్లో ఈలవేస్తూ తూకం వేశాను. భారతి అనుమానంగా చూసేది. "మెట్‌ఫార్మిన్ మహిమ" అనేవాణ్ణి.

శ్రావణ శుక్రవారం వచ్చింది. అంగట్లో ఊపిరాడని రద్దీ. పొద్దున పొడి వేసుకున్నాను, టిఫిను చేయలేదు. పది గంటలప్పుడు ఒకామె శెనగపప్పు తూయించుకుని, ధర తగ్గించమంది. సరేనన్నాను. కొసరు పోయమంది. పోశాను. పోస్తూనే ఉన్నాను.

"ఏమండీ!" భారతి కేక వినపడింది. "కొసరు అంత పోస్తాండారేంది? అసలు కంటే ఎక్కువైపోయింది!"

చెయ్యి వణుకుతోందని అప్పుడు చూసుకున్నాను. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. ఎదురుగా ఉన్నామె రెండుగా కనపడుతోంది, ఇద్దరూ సంచి చాపుతున్నారు. తర్వాత నేను తక్కెడ పక్కన కూలబడ్డాను. భారతి బెల్లం దిమ్మ నుంచి ముక్క విరిచి నా నోట్లో కుక్కింది. ఎదురు మిఠాయి అంగడి మస్తాన్ పాకం చెంబుతో పరిగెత్తుకొచ్చాడు.

"సుబ్బన్నా, మింగు! మింగు భాయ్!"

"మొదటి మాటకే సరే అన్నాడు మస్తానన్నా" అని భారతి ఏడుపు గొంతుతో చెబుతోంది. "అప్పుడే అర్థమైంది నాకు."

దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. హైపో అన్నారు, షుగర్ నలభైల్లో ఉందన్నారు. గ్లూకోజ్ ఎక్కించాక లేచింది, సాయంత్రానికి మళ్ళీ పడింది. "ఏం మందు వాడుతాండావు?" అని డ్యూటీ డాక్టరు అడిగాడు. మెట్‌ఫార్మిన్ ఒకటే అన్నాను. "దానితో ఇట్ల పడదే" అని తల గోక్కున్నాడు. ఆ రోజంతా అక్కడే ఉంచుకున్నారు.

మరుసటి రోజు జమ్మలమడుగు. దానియేలు గారు కూడా అదే ప్రశ్న అడిగారు. నేను అదే జవాబు మొదలుపెట్టాను. భారతి సంచిలోంచి పొడి ప్యాకెట్టు తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఇదెక్కడ దొరికింది నీకు?" అన్నాను.

"మన అంగట్లో మీరు ఏ డబ్బాకూ మూత సరిగా పెట్టరు. గట్టిగా మూత పెట్టిన డబ్బా ఒకటే కనిపించింది. తెరిచినా."

డాక్టరు గారు ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పారు. "ఇంత తొందరగా, ఇంత కిందికి ఆకు దించదప్పా. దీంట్లో షుగర్ మాత్రలు నూరి కలిపినారని నా అనుమానం. పాతకాలం మాత్ర, చౌక, ఒంట్లో శానాసేపు ఉండే రకం. రెండో విషయంలో కూడా గుణం కనిపించిందా?"

నేను తల ఊపాను.

"అయితే మగతనం మాత్ర కూడా ఉండొచ్చు." ఒక్కసారి ముందుకు వంగారు. "ఈ పొడి ఇంకెవరన్నా తింటాండారా? గుండెజబ్బు ఉన్నోళ్ళు? నాలుక కింద మాత్ర పెట్టుకునేవాళ్ళు తింటే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది."

నా నోరు ఎండిపోయింది. ఈసారి షుగర్ వల్ల కాదు.

"ఒకరుండారు సార్."

"ఎవరు?"

అడిగింది భారతి. ఆమెవైపు చూడకుండా చెప్పాను. "మీ నాయన."

ఆ గదిలోనే స్పీకర్ పెట్టి ఫోను చేసింది. మామ హాయిగా ఎత్తాడు.

"నాయనా, పులివెందుల పొడి తింటాండావా?"

"పులివెందుల పొడా? అదేంది? నేను ఆడికి చీనీకాయలకు పోయినా."

"నాయనా!"

"అల్లుడు చెప్పేసినాడా? చేతిలో చెయ్యి వేసుకున్నాం కదనే!"

"మామా, దాన్ని పారెయ్!" అని నేను అరిచాను. "దాంట్లో మందు కలిపినారంట, గుండెకు ప్రమాదమంట!"

"నువ్వే కదయ్యా నాకి చూసి అసలైనదే అన్యావు?"

ఆ రోజు సాయంత్రమే ఆయన్ను గుండె డాక్టరుకు చూపించాం. దేవుడి దయ, ఆ పది పదిహేను రోజుల్లో నాలుక కింద మాత్ర అవసరం ఆయనకు రాలేదు.

తర్వాత తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఫార్మసీ కాలేజీలో పొడిని పరీక్ష చేయిస్తే డాక్టరు గారు అన్న రెండు మాత్రలూ అందులో ఉన్నాయని తేలింది. మా ఊళ్ళో చదువుకున్న ఆయుర్వేద డాక్టరు ఒకరున్నారు, ఆయనకు చూపిస్తే నాకంటే ఎక్కువ మండిపడ్డారు. "మా పేరు చెడగొట్టేది వీళ్ళే. నేనైతే నువ్వేసుకునే ఇంగ్లీషు మందులు అడక్కుండా చిటికెడు చూర్ణం ఇవ్వను" అన్నారు.

కానీ నన్ను అసలు పడగొట్టిన మాట దానియేలు గారిది. ఆ రోజు ఆయన గదిలో ఫోను పెట్టేశాక, సాయంత్రం మాత్ర వేసుకోవడం లేదని భారతి చెప్పేసింది. ఎందుకు వేసుకోలేదో నేను చెప్పాను, బేరం లెక్క కూడా చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆకు కావాలని కదా నువ్వు అంత దూరం పోయింది? ఈ మెట్‌ఫార్మిన్ వెనక ఉన్నది కూడా ఒక మొక్కేనప్పా. యూరప్‌లో పూసే మొక్క. పాతకాలంలో ఆడ నాటువైద్యంలో వాడేవాళ్ళు. దాంట్లో పదార్థాన్ని చూసి, విషం పక్కకు తీసి, మనిషికి సరిపడేటట్టు చేసి, తరాల తరబడి వాడి చూసినారు. నువ్వు అలమరలో మిగిల్చింది ఆకు. డబ్బులిచ్చి మింగింది మాత్ర."

బస్సులో ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను. నా జీవితంలో ఇంత నష్టపు బేరం ఇంకొకటి లేదు. భారతి కిటికీలోంచి చూస్తూ కాసేపు బిగపట్టి, ఇక ఆగలేక నవ్వేసింది. "కొసరు కూడా తీసుకున్నారు కదా" అంది. నేనూ నవ్వాను. ముందు సీట్లోవాళ్ళు తిరిగి చూశారు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ ఏదో కషాయం కాచి గ్లాసులో పోసి పెట్టింది. కోడలి కోసం.

"అమ్మా, ఆమెకేమీ లేదు. లోపం నాది" అన్నాను.

అమ్మ నన్ను చూసింది, కోడల్ని చూసింది. గ్లాసు నావైపు జరిపింది. "అయితే నువ్వు తాగు."

"వద్దత్తా!" అని భారతి గ్లాసు లాక్కుంది. "డాక్టరు చూడంది మన ఇంట్లో ఇంగ ఏదీ ఎవరి గొంతులోకీ దిగదు." అమ్మ కాసేపు గొణిగింది. మర్నాటి నుంచి నా టీలో చక్కెర పడుతుందేమోనని పొయ్యి దగ్గర కాపలా కూర్చుంది అమ్మే. కోడలికి చెట్టుమందు మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండు పూటలా మాత్ర. పొద్దున్నే పెన్న వంతెన దాకా నడక, భారతితో. మధ్యాహ్నం కొర్రన్నం, ఆకుకూర. మెంతులు చారులోనూ కూరలోనూ, మందుగా కాదు, మెంతులుగా. మూడు నెలలకు హెచ్‌బిఎ1సి ఏడున్నరకు దిగింది. ఆ ఆనందంలో రెండో రిపోర్టు తెరిస్తే మోటిలిటీ కొంచెమే పెరిగింది. నా మొహం చూసి డాక్టరు గారు, "ఇంకో మూడు నెలలు" అన్నారు.

"రెండు చేసుకోండి సార్."

"నన్నడిగితే ఏం లాభం? విత్తనాన్ని అడుగు."

ఆ మూడు నెలలే కష్టమయ్యాయి. మొదటి మూడింటికి భయం తోడుంది, ఈ మూడింటికి ఓపిక తప్ప ఏమీ లేదు. ఒకటి రెండుసార్లు ఎవరో చెప్పిన వేరు మీదికి మనసు పోయింది. మా అంగట్లో వెనక అర నన్నే చూస్తున్నట్టుండేది. పడకగది సంగతి మాత్రం మెల్లగా దారికి వచ్చింది. డాక్టరు గారు నాకు సరిపడే మందు, నా బీపీ చూసి, కొన్నాళ్ళకని రాసిచ్చారు. ఆ మందు ఇంతకుముందు దొంగతనంగా మింగినదే. ఈసారి చీటీ మీద, కొలత ప్రకారం. ఆ మూడు నెలలూ అయ్యాక కొత్త రిపోర్టు ఇచ్చినప్పుడు సిస్టర్ నవ్వింది. "నడుస్తాండాయన్నా" అంది.

ఆ తర్వాత కొన్ని నెలలకు, ఒక పొద్దున నడకకు రమ్మంటే భారతి గుమ్మంలో నిలబడి రానంది. చేతిలో గర్భం పరీక్ష చేసుకునే చిన్న పట్టీ ఉంది. దాని మీద రెండు గీతలు.

నేను అంగడి తెరవలేదు. నేరుగా మస్తాన్ దగ్గరికి పోయాను. బజారంతా పంచేదానికి జిలేబీలూ లడ్లూ కట్టమన్నాను. అతను ధర చెప్పాడు. "సరే" అన్నాను.

మస్తాన్ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఏమన్నావు?"

"నువ్వు చెప్పిందే ఇస్తా. కట్టు."

"యా అల్లా! మళ్ళీ పడిపోయింది ఈయనకు!" అని గల్లా దూకి వచ్చి, నన్ను స్టూలు మీద కూలేసి, జిలేబీ ఒకటి నోట్లో కుక్కాడు. "మింగు భాయ్, మింగు! ఎవరన్నా భారతమ్మను పిలవండి!" నోట్లో జిలేబీతో ఎంత చెప్పినా వినడే. భారతి వచ్చి అసలు సంగతి చెప్పేదాకా నన్ను లేవనివ్వలేదు. చెప్పాక ఇంకో జిలేబీ కుక్కబోయాడు. అది భారతి ఆపింది.

ఇప్పుడు మా పాపకు ఏడాది దాటింది. నా షుగర్ పోలేదు, పోదు. మందు వాడుతున్నాను, నడుస్తున్నాను, మూడు నెలలకోసారి జమ్మలమడుగు పోయి డాక్టరు గారితో ఓడిపోయి వస్తున్నాను. మామ కూడా మాతోపాటే వచ్చి చూపించుకుంటాడు. చీనీకాయల మాట ఎత్తితే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. పాప అంగట్లో గల్లా పక్కన కూర్చుంటుంది. ఒక చేతిలో వేరుశెనగపప్పు పెడితే రెండో చెయ్యి చాపుతుంది. ఎవరూ నేర్పలేదు.

ఈ జబ్బుతో ఉన్న అన్నదమ్ములకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆకు తింటారో, వేరు తింటారో, పొడి తింటారో, మీ ఇష్టం. కానీ ఆసుపత్రికి పోయే రోజు, మీ గొంతులోకి దిగే ప్రతిదాన్నీ, మాత్రలనూ చూర్ణాలనూ కషాయాలనూ, గట్టిగా మూత పెట్టి దాచిన డబ్బాను కూడా, ఒక సంచిలో వేసుకుపోయి డాక్టరు టేబుల్ మీద గుమ్మరించండి. సిగ్గుగా ఉంటే మీ ఆవిడను తీసుకుపోండి, ఆమె గుమ్మరిస్తుంది. బేరం చేయాలనిపిస్తే బయట బండి మీద అరటిపండ్లున్నాయి, అక్కడ చేయండి. ఒక్క పండే తినండి.